దొరసాని తిట్లు

“మళ్లీ వచ్చిందప్పా ఆమె,” అంటూ లేవబోయాడు ఓబులయ్య.

“కూసో అన్నా. గిప్పుడు లేస్తే ఇంకింత అనుమానపడ్తది,” అని చెయ్యి పట్టి లాగాడు మల్లన్న.

హాల్లో చివరి వరుస. ఒక పక్క గోడ, ఇంకో పక్క నాలుగు కుర్చీల అవతల ముసలి తెల్ల దొరసాని.

ఖతర్ దేశంలో, అల్ ఘర్రాఫాలో ఒక బడి అది. 1996, ఎండాకాలం సెలవులు. ఐర్లండ్ టీచర్లు కొందరు కలిసి, కాలం చేసిన తమ దేశపు నాటక రచయిత ఒకాయన పేరు మీద పిల్లలకు వేసవి బడి పెట్టారు. రోజూ ఆయన నాటకాలే చదవడం, ఆయన నాటకాలే ఆడడం.

ఓబులయ్యది అనంతపురం వైపు పల్లె. ఇక్కడ ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవర్. తను ‘బాబా’ అని పిలిచే యజమాని కూతుర్ని బడి దగ్గర దింపి, అయిపోయేదాకా కారులోనే ఉండాలని ఆర్డరు. ఆర్డరు వేసినాయన ఆ ఎండలో ఒక్క పూట కారులో కూర్చుంటే తెలిసేది.

హాలు ఊడ్చే మల్లన్నది జగిత్యాల. జాలిపడి వెనక తలుపు తీసేవాడు.

అంతా బాగానే ఉంది, ఈ దొరసాని దాపురించేదాకా.

ముందు వరుసలో మెత్తటి కుర్చీ వేసి పిలిచినా పోదు. వెలిసిపోయిన గౌను, అరిగిన చెప్పులు. స్టేజీ వైపు చూడదు, ఓబులయ్య మొహం చూస్తుంది. చూస్తూ తనలో తనే పెదాలు కదుపుతుంది.

“ఆమె నాటకం చూసేదానికి రాలేదు మల్లన్నా. నన్ను చూసేదానికే వస్తాంది.”

“నిన్ను జూడనీకె నువ్వేమన్న హీరోవా?”

“నవ్వొద్దప్పా. మా బాబా పెట్టిన మనిషేమో. నాకు ముందుండే డ్రైవర్ని ఇట్లే ఎవరో చాడీలు చెప్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపించినారు.”

మల్లన్నకు నవ్వు ఆగిపోయింది. “అయితే గామెతోని ఏం మాట్లాడకు. పేరు గిట్ల అడిగినా చెప్పకు.”

ఒకరోజు ఆమె బిస్కెట్ల పొట్లం చాపింది.

“నో మేడం,” అన్నాడు ఓబులయ్య. బిస్కెట్ పెట్టి కూపీ లాగే ఎత్తు అని అతనికి తెలియదా?

చివరి రోజు పెద్ద నాటకం ఆడారు. టీచరు ఒకామె ముసలమ్మ వేషం కట్టింది. ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ల ముందు, ఆరిన పొయ్యి దగ్గర నిలబడి ఆ ముసలమ్మ మాట్లాడుతోంది.

ఓబులయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కళ్లు చెమర్చాయి. యజమాని, ఉద్యోగం, దొరసాని, అన్నీ మర్చిపోయాడు. ఊరి తిరునాళ్లలో పద్యనాటకం ఆడేటప్పుడు, పద్యం మనసుకు తగిలితే జనం ఏం చేస్తారో అతనూ అదే చేశాడు.

లేచి నిలబడి, “వన్స్ మోర్!” అని అరిచాడు.

హాలంతా వెనక్కి తిరిగింది. స్టేజీ మీద టీచరు తన మాట మర్చిపోయింది. గార్డు పరుగున వచ్చి, “యల్లా, బయటికి నడు,” అన్నట్టు భుజం పట్టుకున్నాడు.

పోతూ పోతూ చూస్తే, దొరసాని వెంటే వస్తోంది. ఓబులయ్య వైపు వేలు చూపిస్తూ గార్డుతో గట్టిగా ఏదో అంటోంది.

‘అయిపోయింది నా పని,’ అనుకున్నాడు.

కారు దగ్గర ఆమె ఎదురొచ్చి నిలబడింది. మండే ఎండలో, నెత్తిన గుడ్డయినా లేకుండా, గట్టిగా ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. చెయ్యెత్తింది. నేలను చూపించింది. గొంతు పైకి లేచింది, వణికింది, మళ్లీ లేచింది.

ఓబులయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి.

“సారీ మేడం. తప్పయిపోయింది మేడం.”

ఆమె ఆపలేదు.

చప్పున కారెక్కి, అద్దం బిగించి, బడి వెనక్కి తిప్పుకుపోయాడు.

ఆ తర్వాత యజమాని దగ్గరికి వచ్చినప్పుడల్లా గుండె దడదడలాడేది. ఆయన మాత్రం ఏమీ అనలేదు. బళ్లు మళ్లీ తెరిచాక, ఇక ఆగలేక ఖమర్ సుల్తానాను అడిగాడు. ఆమె హైదరాబాదు టీచరు, ఆ వేసవి బడిలోనూ పనిచేసింది.

“టీచరమ్మా, ఆ ముసలి దొరసాని మా బాబాకు నా మీద ఏమన్నా చెప్పిందా?”

“ఆమె మర్నాడే తన దేశం వెళ్లిపోయింది. ఏం చెప్పాలి?”

“నన్ను పార్కింగులో చానా తిట్టిందమ్మా.”

ఖమర్ సుల్తానా అతన్ని వింతగా చూసింది.

“తిట్టడమేంటి భాయ్? మిమ్మల్ని లోపలికి పంపమని గార్డుతో కొట్లాడింది. వాడు వినకపోతే, స్టేజీ మీద ముసలమ్మ చెప్పిన మాటలే మీ ఎదుట నిలబడి మళ్లీ చెప్పింది. మేమంతా గేటు దగ్గరికి వచ్చి విన్నాం.”

“నాకెందుకు చెప్పాలమ్మా?”

“మీరే కదా అడిగారు.”

ఓబులయ్య పార్కింగు వైపు తిరిగి చూశాడు.

“నేను సగంలోనే అద్దం బిగించేసినానే,” అన్నాడు.

“చూశాం. మీ కారు పోయిన వైపు తిరిగి చివరిదాకా చెప్పింది. భాష రాని మనిషి మొహంలో నాటకం కనబడుతోందని రోజూ మీ గురించే చెప్పేది.”

“ఎవరమ్మా ఆమె?”

“ఆ నాటకం రాసినాయన భార్య. ఆ ముసలమ్మ వేషం మొట్టమొదట కట్టింది ఆమే. ఆయన పోయాక, మేమెంత బతిమాలినా పలకని ఆ మాటలు పలికింది మీ ఒక్కరి కోసమే.”