టైలరమ్మ కోసం ఆగిన బస్సు

"బావా, ఈ బస్సు వచ్చేలోపు మా మెట్రో ఊరంతా చుట్టొస్తుంది," అన్నాడు బావమరిది. అక్కకి తమ ఊళ్లో ఉద్యోగం చూసిపెట్టి, జవాబు కోసం వచ్చాడతను.

బావ నవ్వాడు. పక్కనే నిలబడ్డ భార్య కూడా రోజూ ఈ బస్సు ఆలస్యాన్ని తిట్టుకునేదే. ఆమె ఆ ఉద్యోగానికి వెళ్తానంటే ఏమనాలో అతనికింకా తోచలేదు.

ఎట్టకేలకు బస్సొచ్చింది. ముగ్గురూ ఎక్కారు. మలుపు తిరగ్గానే బస్సు ఒక ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది.

"మళ్లీ ఏమైంది?"

"టైలరమ్మ ఇంకా రాలేదురా," అంది అక్క.

"ఒక్క మనిషి కోసం బస్సంతా ఆగాలా? మా మెట్రో ఆగదు."

"ఆగదు. అక్కడ నేను ఎక్కలేదని ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఇక్కడ నాకు జ్వరమొచ్చిన రోజు, మా ఇంటి ముందూ డ్రైవరు ఇలాగే హారన్ కొట్టాడు."

"మరి ఉద్యోగం?"

"నేనొచ్చేస్తే ఆ డ్రైవరు పాపం ఎంతసేపని కొడతాడురా?"

రోజూ ఆ మోతకి విసుక్కునే భర్త, ఇంకోసారి కొడితే బాగుండుననుకున్నాడు.