జాతకం కలవని కారు

"ఇందులో అసలు ఇంజన్ ఉందా?" అన్నాడు ముసలాయన, ఎత్తి ఉంచిన బానెట్‌లోకి తొంగిచూస్తూ.

పక్క కారు యజమాని డ్యూయీ హాట్‌డాగ్ నములుతూ అందుకున్నాడు. "లేకపోతే మేమేం భుజాన మోసుకొచ్చామా పెద్దాయనా?"

చర్చి పార్కింగులో కుర్చీలేసుకుని కూర్చున్న పాతకార్ల వాళ్ళంతా ఘొల్లుమన్నారు.

"అది కాదు బాబూ. ఫ్యాక్టరీలో బిగించినదేనా అని."

నవ్వులు ఆగిపోయాయి. ఆ కారుగల వెండెల్‌ని అడగకూడని ప్రశ్న అదొక్కటే అని టొలీడో చుట్టుపక్కల కార్లవాళ్ళందరికీ తెలుసు.

"అసలు లేదు. అందుకే వడ్డీ కూడా రావట్లేదు" అన్నాడు డ్యూయీ, గాలి తేలిక చేద్దామని.

వెండెల్ నవ్వలేదు.

అతనిది అరవైతొమ్మిది నాటి పాంటియాక్. అప్పట్లో ముందద్దం కింద రేకు మీదున్న నంబరే ఇంజన్ మీద కూడా కొట్టేవాళ్ళు. రెండూ కలిస్తే జాతకాలు కలిసినట్టే, ధర రెట్టింపు. కలవకపోతే కారు ఎంత మెరిసినా పెళ్ళిచూపుల దగ్గరే ఆగిపోతుంది.

వెండెల్ కారులో ఉన్నది ఎవరి ఇంజనో!

అసలుది వెతుకుతూ అతను ఏళ్ళ తరబడి రాష్ట్రాలన్నీ తిరిగాడు. "నీకు అసలు నేను కావాలా, అసలు ఇంజన్ కావాలా?" అని భార్య మార్లీన్ అడిగింది. ఆలోచించి చెబుతానన్నాడు. చెప్పేలోపు ఆమె వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇంట్లో అతనూ, షెడ్డులో కారూ. ఆ రెంటిలో ఒకటైనా వెలితి లేకుండా ఉంటే చాలని అతని పట్టుదల.

ముసలాయన ముందద్దం దగ్గరికి నడిచాడు. నంబరు రేకు కనపడకుండా వెండెల్ అక్కడొక అట్టముక్క పెట్టాడు.

"ఇది కాస్త తీస్తావా? నంబరు చూసి ఒక మాట చెబుతాను."

వెండెల్ దిగ్గున లేచాడు. "ఎందుకు?"

"నీ ఇంజన్ ఎక్కడుందో నాకు తెలుసేమోనని..."

"తెలుస్తుంది, తెలుస్తుంది! నంబరు చూపించగానే తెలుస్తుంది!" డ్యూయీ చప్పట్లు కొట్టాడు. "ఇంటికెళ్ళి ఏదో తుక్కు ఇంజన్ అరగదీసి, ఈ నంబరు కొట్టి, వచ్చే ఆదివారం 'ఇదుగో నీ అసలు' అంటావు. ఈ వేషాలు చాలా చూశాం పెద్దాయనా!"

నిజమే, చూశారు. అట్టముక్కలు పెట్టడం మొదలైంది అందుకే.

"అట్లాంటివాణ్ణి కాదు బాబూ."

"అట్లాంటివాళ్ళందరూ ఆ మాటే అంటారు. దయచెయ్యి" అన్నాడు వెండెల్.

ముసలాయన మరుసటి ఆదివారం కూడా వచ్చాడు. అందరూ కుర్చీలు మడిచేదాకా దూరంగా నిలబడి, అప్పుడు దగ్గరికొచ్చాడు. "చివరి మూడంకెలు చెప్పినా చాలు."

"ఒక్క అంకె కూడా చెప్పను."

ఆయన తలూపి, కారు పైకప్పు మీద చెయ్యి ఆనించబోయి, యజమాని చూపు చూసి, చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మళ్ళీ కనపడలేదు. పీడా పోయిందన్నాడు డ్యూయీ.

ఆకులు రాలే రోజుల్లో నది అవతల ఒక ఇంటి ముందు అమ్మకం బోర్డు పెట్టారు. ఇంటాయన పోయాడు. సామాన్లన్నీ గడ్డి మీద పరిచారు. పాత ఇల్లంటే పాత షెడ్డు ఉంటుంది, షెడ్డుంటే విడిభాగాలుంటాయి. మిత్రులిద్దరూ హాజరయ్యారు.

షెడ్డులో ఇంజన్ నిలబెట్టే ఇనుప స్టాండు ఒకటి ఖాళీగా ఉంది.

"దీని మీదదేదమ్మా?" అని వెండెల్ అడిగాడు.

"ఇనుప తుక్కువాడు పట్టుకెళ్ళాడండీ" అంది పోయినాయన మేనకోడలు జోలీన్. "ఒరిన్ మావయ్య దానికి ఇన్నేళ్ళూ నూనె రాస్తూనే ఉన్నాడు. పిచ్చి. ఆ నంబరు పాటలా పాడేవాడు. మా పిల్లలకి ఎక్కాలు రాకపోయినా అది వచ్చు."

"ఏం నంబరు?"

జోలీన్ నవ్వుతూ ఎత్తుకుంది. సగంలో వెండెల్ గొంతు కలిసింది. చివరి మూడంకెలు అతనొక్కడే చెప్పాడు.

ఆమె బిత్తరపోయి తుక్కు యార్డుకి ఫోన్ చేసింది. విని, మెల్లగా పెట్టేసింది. "మొన్ననే పగలగొట్టి కొలిమికి పంపేశారటండీ."

వెండెల్ ఖాళీ స్టాండు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంతకి అమ్ముదామనుకున్నాడు?" అడిగాడు డ్యూయీ.

"అమ్మడమా? దాని కారు దొరికితే ఊరికే ఇస్తాననేవాడు. బిగించాక ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని తిప్పితే చాలన్నాడు. ఈ వేసవిలో చర్చి దగ్గర దాన్ని చూసినట్టే ఉందన్నాడు. రంగు మారిపోయిందట, నంబరు చూస్తే గానీ చెప్పలేనన్నాడు. పాపం, వాళ్ళెవరో చూపించలేదట."

బేరాలు మానేసి జనం షెడ్డు గుమ్మంలో మూగారు. ఏమైంది, ఎవరాయన, ఇంజన్ల వ్యాపారా అని తలో ప్రశ్న వేశారు.

డ్యూయీ టోపీ తీసేశాడు.

వెండెల్ అందరి వైపూ తిరిగాడు.

"మేం నంబర్ల దొంగ అనుకుని తరిమేశాం" అన్నాడు. "రేసుల కోసం వేరే ఇంజన్ బిగించి, అసలుది అరగకూడదని విప్పి దాచుకున్నాడట ఒక కుర్రాడు. ఓడలో పనికెళ్ళొచ్చేలోపు వాళ్ళన్న కారు అమ్మేశాడట. పేరు తెలీదు గానీ, ఇదంతా నాకు కారు అమ్మినవాడు ఎప్పుడో చెప్పాడు. షోరూం నుంచి నా కారుని మొట్టమొదట ఇంటికి తోలుకెళ్ళిన ఆ కుర్రాడు ఈయనే."