నర్సమ్మ గిల్లింది

కొబ్బరిచెట్టు మీంచి పడ్డ మా మనవడు ధనుంజయ ఐదు రోజులుగా కళ్లు తెరవలేదు. మెదడు వార్డు నర్సు ప్రమోదిని వచ్చి, వాడి భుజం కండ పట్టుకుని గట్టిగా గిల్లింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మాట్లాడనేని బిడ్డని గిల్లుతావేటి? ఉద్దానం మనుసులం, ఊరుకోం!" అని వార్డంతా అదిరేలా అరిచి, మొనగాడిలా చెయ్యెత్తాను.

ఆమె బెదరకుండా మళ్లీ గిల్లింది. వాడి చెయ్యి మెల్లగా లేచి ఆమె చేతిని నెట్టేసింది.

"సూసారా తాతా! నిన్నటిదాకా గిల్లితే చెయ్యి ముడుసుకునీవోడంతే. ఇయ్యాల నొప్పెక్కడో కనిపెట్టి నెట్టేసినాడు. మెదడు మేలుకుంతంది! ఇది కనిపెట్టడానికే మాకు ట్రైనింగు."

ఎత్తిన చెయ్యి దించి, రెండో చేతితో కలిపి దండం పెట్టేశాను.

"మాయమ్మే! ఒక్క నిమిషం ఆగు తల్లీ, బయటున్న ఆళ్లమ్మని పిలుత్తాను. దాని ముందు ఇంకోపాలి గిల్లు!"