కెమెరాకు కట్టిన నిమ్మకాయలు

"తియ్యిరా వడ్డాణం! యాడ దాచినావో సెప్పు!"

అంగడి యజమాని నారాయణప్ప చెయ్యి వెంకటేశులు చొక్కా కాలరు మీద ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ నగల అంగడిలో కుంపటి ముందు కూర్చుని పని చేసిన ముసలి కంసాలి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. పుంగనూరు బజారు సగం వాకిట్లోనే ఉంది.

పోయింది వసంతమ్మ వడ్డాణం. కొక్కెం విరిగితే అతికించమని శుక్రవారం సాయంత్రం ఇచ్చి వెళ్లింది. శనివారం పొద్దునకు బీరువాలో లేదు. బీరువా పగల్లేదు, షట్టరు తాళమూ పగల్లేదు. తాళాలు రెండు జతలు. ఒకటి నారాయణప్ప దగ్గర, ఒకటి వెంకటేశులు దగ్గర.

"నేను మదనపల్లెలో మా చెల్లెలింటికి పోయి పది గంటలకు బస్సు దిగినాను సార్. ఇంక తాళం ఎవరి దగ్గరుండాదో మీరే సూసుకోండి," అన్నాడు నారాయణప్ప.

ఎస్సై కొండప్ప వెంకటేశులు వైపు తిరిగాడు. "నువ్వెప్పుడొచ్చినావు?"

"తొమ్మిదికి సార్. నేను తెరిసేటప్పటికి..."

"నోర్ముయ్‌రా! కళ్లద్దాలు లేకుంటే పట్టకారు కనపడదు, బంగారం మాత్రం బాగా కనపడింది నీకు!" అని నారాయణప్ప అడ్డుపడ్డాడు.

జనం నవ్వారు.

"తొమ్మిదికి ముందు ఈ పక్కకు ఎవరొస్తారు?" అడిగాడు ఎస్సై.

"పూల నాగమ్మ సార్," అన్నాడు వెంకటేశులు. "లక్ష్మీదేవి పటానికి మూరెడు పూలు ఇస్తాది. అంగడి మూసుంటే తాళానికి తగిలించి పోతాది."

"దాన్నేమడుగుతారు సార్!" నారాయణప్ప పెదవి విరిచాడు. "ఎనిమిదిన్నరకంతా గంప తిరగేసుకొని ఇంటికి పోయే ముసల్ది. దానికి కనకాంబరాల సంగతి తప్ప ఇంకేం తెలుస్తాది? మనకు కెమెరా ఉండాది కదా!"

ఆ కెమెరా అంటే నారాయణప్పకు మహా గర్వం. అది 2008. బజారులో నెట్‌వర్క్ కెమెరా ఉన్న అంగడి అదొక్కటే. పది రోజుల కిందటే కుప్పంలో కంప్యూటర్ల షాపు నడిపే మురళిని పిలిపించి పెట్టించాడు. వాకిలికి పైన, లోపలి గోడకు, బీరువాను చూస్తూ ఉంటుంది. ఇంట్లో కూర్చునే అంగడిలో ఎవరు చెయ్యి కదిపినా చూస్తానని కనిపించిన వాడికల్లా చెప్పుకున్నాడు. స్పీకర్లు కూడా కొనమని మురళి అంటే, "యాలప్పా? దొంగోడు నాకు పాట పాడతాడా? బొమ్మ సాలు," అని మూడు వందలు మిగుల్చుకున్నాడు.

కుప్పం నుంచి మురళి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. అంగడిలోని కంప్యూటరు ముందు కూర్చుని కెమెరా నంబరు, పాస్‌వర్డు కొట్టి, పొద్దుటి రికార్డింగు తెరిచాడు.

ఎనిమిదీ పది. బీరువా స్పష్టంగా కనిపిస్తోంది. ఎనిమిదీ పన్నెండు. పైనుంచి ఏదో జారింది. రెండు నిమ్మకాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు. తెరంతా పసుపూ పచ్చా. అంతే, ఇంకేమీ లేదు.

నారాయణప్ప తొడ చరిచాడు. "సూసినారా సార్! శనివారం శనివారం వాకిలికి నిమ్మకాయలు కట్టేది వీడే. ఈపొద్దు ఏకంగా కెమెరాకే దిష్టి తీసినాడు, మహానుభావుడు!"

ఈసారి కానిస్టేబుల్ కూడా నవ్వాడు.

"మా అత్త నా సేతికిచ్చిన వడ్డాణమప్పా అది," అంది వసంతమ్మ వెంకటేశులుతో. "నీకు మనసెట్లా వచ్చింది?"

"నేను వాకిలికి కడతాను గానీ దానికి యాల కడతానమ్మా? నేనొచ్చేటప్పటికే ఆడ యాలాడతాండాయి. అయ్య కట్టించినాడేమో అని ముట్టుకోలా."

"అయ్యకు పనీపాటా లేదు మరి!" అన్నాడు నారాయణప్ప.

ఎస్సై లేచాడు. "జీపెక్కించండి."

కానిస్టేబుల్ రెక్క పట్టుకున్నాడు. వెంకటేశులు తల దించుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు మురళి. "కనపడలేదు, అంతే. వినపడతాది."

"ఏంది వినపడేది?"

"కెమెరాలో చిన్న మైకుండాది సార్. బొమ్మ ఒక దారిలో వస్తాది, సౌండు ఇంకో దారిలో. రెండూ ఈ కంప్యూటర్లోనే పడతాండాయి. స్పీకర్లు లేవని సౌండే లేదనుకున్నారు ఈళ్లు."

"సౌండు యాల సార్?" నారాయణప్ప గబగబా ముందుకొచ్చాడు. "బొమ్మ సాల్దా? ముసలోడు, పాపం. వడ్డాణం ఇచ్చేస్తే ఇడిసిపెడదాం."

పొద్దుట్నుంచీ లేని పాపం అప్పుడెలా వచ్చిందో ఎస్సైకి అర్థం కాలేదు. "కూర్చోప్పా," అన్నాడు.

పక్కనున్న నెట్ సెంటరు నుంచి స్పీకర్లు తెచ్చారు. మురళి వైరు తగిలించి ఎనిమిదీ పదికి వెనక్కి జరిపాడు.

షట్టరు సగం లేచిన చప్పుడు. స్టూలు ఈడ్చిన చప్పుడు. ఎవరో ఆయాసపడుతూ పైకెక్కారు. తెర మీదికి నిమ్మకాయలు దిగాయి.

వాకిట్లోంచి, మైకుకు బాగా దగ్గరగా, ఒక ముసలి ఆడగొంతు పలికింది.

"పూలు తీసుకోప్పా! ఈపొద్దు నువ్వే ముందొచ్చి తెరిసినావే? నిమ్మకాయలు వాకిలికి కట్టకుండా ఆ డబ్బాకు కడతాండావు యాల, నారాయణప్పా?"