తెల్లగొట్టంలో నీళ్లు

"రెండుసార్లు తప్పింది. ఇంకేటి సదువుతాది?" అన్నాడు అర్జునరావు కూతురి వైపు చూస్తూ.

"డిప్లమా అంతా అయింది. ఒక్క వైవాయే కదండీ మిగిలింది." సూర్యకళ పొద్దున్నుంచి భర్తతో అదే మాట అంటోంది.

"సరే. ఈసారీ పోతే రుషికొండలో ఏదో ఆఫీసులో రిసెప్షన్ పనికి సేరిపోద్ది. అంతే."

కూతురు హేమశ్రీ పుస్తకంలోంచి తలెత్తలేదు. పైపులో పారే నీటికి ప్రెజరంటే ఏమిటని అడిగారు పోయినసారి వైవాలో. సూత్రం అప్పజెప్పింది. అర్థం చెప్పమంటే మళ్లీ సూత్రమే చెప్పింది.

పెరట్లో కుళాయి బాగుచేస్తున్న అప్పలసూరి స్పానరు కింద పెట్టాడు. డెబ్భై దాటిన మనిషి.

"పాపా, ఇలగొచ్చి సూడమ్మా."

"నీకెందుకు తాతా? కుళాయి సంగతి సూడు," అన్నాడు అర్జునరావు. "పాఠాలు సెప్పడానికి మేస్టార్లున్నారు."

అప్పలసూరి మళ్లీ స్పానరు అందుకున్నాడు. అర్జునరావు డ్యూటీకి వెళ్లాక, సంచిలోంచి తాపీవాళ్లు మట్టం చూసుకునే, లోపలి నీళ్లు కనిపించే తెల్లగొట్టం తీశాడు. ఒక కొస కుళాయి పక్కనే పైపుకు బిగించాడు. రెండో కొసను హేమశ్రీ చేత డాబా మీది ట్యాంకు పక్కదాకా లాగించి కట్టించాడు.

కుళాయి కట్టేసి ఉంది. గొట్టంలో నీళ్లు ట్యాంకు మట్టం దాకా ఎక్కి నిలిచాయి.

"ఇప్పుడు తిప్పు."

తిప్పింది. గొట్టంలో నీళ్లు కిటికీ దాకా దిగిపోయాయి.

"పారితే ప్రెజర్ పెరగాలి కదా తాతా?"

"నిలబడ్డ నీరు గోడల్ని తోస్తాదమ్మా. పారినప్పుడు ఆ తోపుడే కొంత నడకకీ, కొంత రాపిడికీ ఖర్చయిపోద్ది. ఇక్కడికొచ్చేసరికి మిగిలిందెంతో ఈ గొట్టం సెప్తాది. మీ పైపు ఉప్పునీళ్లకి లోపలంతా తుప్పట్టింది, అందుకే మరీ దిగిపోయింది."

హేమశ్రీ కుళాయి కట్టింది. తిప్పింది. మళ్లీ కట్టింది.

సూర్యకళ టీ తెచ్చింది, పనివాళ్లకని విడిగా ఉంచిన అంచు పగిలిన కప్పులో. ఆయన తాగి, కడిగి, గట్టు మీద బోర్లించి వెళ్లాడు.

నెల తరువాత ఓ రాత్రి అందరూ అన్నాలకు కూర్చున్నారు.

"పాసయ్యాను," అంది హేమశ్రీ. గొంతులో సంతోషం లేదు.

"మరి ఆ మొకమేటి?" అన్నాడు అర్జునరావు.

"ఎవరు నేర్పారని వైవాలో అడిగారు సారు. కుళాయిలు బాగుచేసే అప్పలసూరి తాతని చెప్పాను. సారు లేచి నిలబడిపోయారు. ల్యాబ్‌లో గాజుగొట్టాలు నిలబెట్టిన పైపు బల్ల ఉంది కదా, అది తాత చేసిందేనట. ముప్పై ఏళ్లు అక్కడ అటెండరట. సారు చదువుకునేటప్పుడు ఆయనకీ తాతే చూపించాడట."

అర్జునరావు పెరట్లో కుళాయి వైపు చూశాడు.

"ఓసారి రమ్మను. పైపు మార్పిద్దాం."

"చెప్దామని వాళ్లింటికెళ్లాను. పోయిన వారమే చనిపోయాడట నాన్నా."



సూర్యకళ లేచి పెరట్లోకి వెళ్లింది. గట్టు మీది కప్పు తెచ్చి చెత్తబుట్టలో వేసింది.

"రేపట్నుంచి ఈ ఇంటికి పనికొచ్చినోళ్లు మన గ్లాసుల్లోనే తాగుతారు," అంది మెల్లగా, అందరికీ వినపడేలా.