నాలుగో వేలిముద్ర

“ఎవురు పంపినారు నిన్ను?” వాకిట్లోనే నిలేశాడు తిప్పన్న.

“హిందూపురం ట్రస్టు నుంచి వచ్చినా తాతా. నా పేరు రాధిక, నర్సుని. రక్తపరీక్ష చేసి, ఒక కాగితం మీద నీ వేలిముద్ర తీసుకోని పోతా. అంతే.”

అంతే! ఆ మాట వింటేనే తిప్పన్నకు ఒళ్లు మండుతుంది. ఎర్రమంచిలో ఇన్ని ఇళ్లుండగా, ఈ నెలలో సరిగ్గా తన ఇంటికే బ్యాగు తగిలించుకుని వచ్చినవాళ్లలో ఈ పిల్ల నాలుగోది. ముందొచ్చిన ముగ్గురూ ఇట్లాగే ‘అంతే’ అన్నారు.

“నా రక్తంతో మీకేం పని?”

“షుగరుండాదేమో చూసేదానికి.”

“నాకు షుగరుంటే మీకేమొస్తాది?”

రాధిక నవ్వింది. నవ్వితే కరిగిపోయే రకం కాదు తిప్పన్న. ఎగాదిగా చూశాడు. చెప్పులు గడప బయటే విడిచింది. ఇచ్చిన చెంబెడు నీళ్లు గటగటా తాగింది. అయితే ఏం? మంచితనం నటించడానికి ఎంతసేపు!

“యా ఊరు మీది?”

“ధర్మవరం. మా నాయన మగ్గం నేస్తాడు.”

“మగ్గమోళ్ల బిడ్డకు ఊర్లెంబడి తిరిగే పనేంది?”

“ట్రస్టోళ్లు ఆఫ్రికాలో ఆపరేషన్ల క్యాంపు పెడ్తాండారు తాతా. నెల దినాలు. నేనూ పోవల్లని పేరిచ్చినా. ఒక్క సీటే మిగిలుండాది. ఈ కాగితం ఈపొద్దు ఆరుగంటల్లోపల మా ట్రస్టు పెద్ద మంజులత మేడం చేతికిస్తేనే నా పేరు లిస్టులో ఉంటాది.”

“జీతమెంత?”

“జీతం లేదు.”

“జీతం లేకుండా అంత దూరమా? ఎవురికి చెప్తావమ్మా ఈ కత!”

“మా చిన్నాయన కూతురు గ్రహణం మొర్రితో పుట్టింది తాతా. యాడోళ్లో డాక్టర్లు విమానమెక్కి వచ్చి కుట్టిపోయినారు. ఇప్పుడది స్కూల్లో పాటలు పాడతాంది. వాళ్ల పేర్లు గూడా మాకు తెలీవు. మనమూ ఒకసారి అట్ల పోవల్ల కదా!”

తిప్పన్న గోడ మీది ఫొటో వైపు చూశాడు. రాధికా అటే చూసింది.

“అవ్వా?”

“ఊ. హనుమక్క. కడుపునొప్పంటే ఉచిత క్యాంపుకు తోలుకపోతి. తెల్లకోటు పిల్లోడొకడు కాగితం చూపించి ‘వేలెయ్ అవ్వా, అంతే’ అన్యాడు. ఏసింది. గర్భసంచి తీసేసినారని ఇంటికొచ్చినాక తెలిసె. ఆర్నెల్లు బతికింది.”

ఏడేళ్లయినా ఆ కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

రాధిక మెల్లగా ఇంకుప్యాడు తీసింది. తీస్తూనే అతని బొటనవేలి మీది నీలిమరక చూసి ఆగిపోయింది.

“ఇదేంది తాతా? ముందే ఎవురన్నా వచ్చినారా?”

“ముగ్గురొచ్చినారు. ముగ్గురూ ఏయించుకోనే పోయినారు.”

“మళ్లా నన్నెందుకు పంపినట్టు?” అనుమానం ఈసారి ఆమె ముఖంలోకి పాకింది.

“నన్నడిగితే? ఇట్ల తే, ఏస్తా. నాకు సదువు రాదు, నువ్వు సదివి చెప్పేదీ వద్దు. నాలుగున్నర బస్సు పోతే మళ్లా ఆరుకే.”

పెనుకొండ రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. రాధిక వాకిలి వైపు చూసింది. కాగితం వైపు చూసింది. ఇంకుప్యాడు మూత పెట్టేసింది.

“పోతే పోనీలే తాతా. సదివి చెప్పినాకే ఏద్దువు.”

ఒక్కో వాక్యం దగ్గర ఆగి, అర్థం చెబుతూ చదివింది. తిప్పన్న అడ్డదిడ్డం ప్రశ్నలు వేశాడు. ఆమె విసుక్కోలేదు. కింద చిన్న అక్షరాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చదవడం ఆపేసింది.

“ఏమైంది పాపా?”

“‘నన్ను మళ్లీ అడగకుండా ఏ చికిత్స చేసినా సమ్మతమే’ అని ఉండాది.” ఆమె ముఖం తెల్లబోయింది. “తాతా, దీని మీద వేలెయ్యాకు!”

“ఏయకుంటే నీ ఆఫ్రికా?”

“పోతే పోయె. ఇది రాసిందెవురో మేడంనే నిలదీసి అడుగుతా.”

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, కాగితం మీద ‘వేలిముద్ర తీసుకోలేదు’ అని రాసి తేదీ వేసింది. అతన్ని అడిగే షుగరూ, బీపీ చూసింది. ఉప్పు తగ్గించమని పోరి మరీ చెప్పి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా తిప్పన్న వాకిట్లోనే నిలబడ్డాడు. ఆరోజు ఆ క్యాంపులో ఇట్లాంటి పిల్ల ఒక్కతి ఉండుంటే! పైకండువాతో కళ్లు తుడుచుకున్నాడు. హనుమక్క ఫొటో వెనక నుంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ఫోన్‌లో హిందూపురం నంబరు నొక్కాడు.

“మంజులతమ్మా, మనం పెట్టిన చిన్న అక్షరాలు సదివి చెప్పింది నలుగురిలో ఈ పాపొక్కతే. పాసయింది, విమానం ఎక్కించు.”