కనపడని బస్సు నంబరు

"అమ్మాయ్, ఆ వచ్చేది ఎన్నో నంబరు?"

"నలభై ఏడు, బామ్మగారూ. మనదే."

"ఏమోనమ్మా, నాకంతా అలుక్కుపోయినట్టుంది."

నిజానికి బామ్మకి నంబరే కాదు, బస్సు ఒంటి మీద సబ్బు ప్రకటనలో పడ్డ అచ్చుతప్పు కూడా అంత దూరం నుంచే కనపడింది. ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన కళ్ళు మరి. దిద్దబోయి ఆపుకుంది.

ఇదంతా మూడు నెలల కిందట మొదలైంది. కూరలు కొనుక్కుని వస్తూ బస్టాపులో కాసేపు కూలబడితే, పక్కనే ఈ అమ్మాయి ఫోనులో అంటోంది: "స్టాపులో లైటు లేదక్కా. మోటారుసైకిలు వాడు ఇవాళ కూడా రెండుసార్లు తిరిగాడు. ఇలాగైతే ఉద్యోగం మానేస్తాను."

బామ్మకి ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళగానే మునిసిపల్ ఆఫీసుకి ఉత్తరం రాసింది. జవాబొచ్చింది. అందులో రెండు అచ్చుతప్పులున్నాయి, లైటు సంగతి లేదు.

పోనీ, తోడుంటానంటే ఈకాలం పిల్లలు ఒప్పుకుంటారా? "మీకెందుకండీ శ్రమ" అనేస్తారు. అందుకని తనకే తోడు కావాలంది. మొదటిరోజు నంబరు అడిగితే, అమ్మాయి ఆమె కళ్ళలోకి ఓ క్షణం చూసి, నవ్వి, చదివిపెట్టింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి సంచీ భుజాన వేసుకుని హాజరు. మోటారుసైకిలు చప్పుడు వినపడితే చాలు, "ఎవరబ్బాయివి నాయనా? ఇలా రా, అమ్మ బాగుందా? ఇల్లెక్కడ?" అని గట్టిగా పిలిచేది. నాలుగోరోజుకి వాడు సందు మార్చుకున్నాడు.

బస్సెక్కేటప్పుడు బామ్మ ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకునేది. ఆ మెట్టు ఎత్తు చూస్తే, బస్సు తయారుచేసినవాడికి ఇంట్లో పెద్దవాళ్ళే లేరేమో అనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పి మాత్రం నటన కాదు. తర్వాతి స్టాపులో "మా చెల్లెలి ఇల్లు" అంటూ దిగి, బస్సు కదలగానే వెనక్కి తిరిగి ఇంటికి నడిచేది.

తన నటనకి తనే మురిసిపోతున్న రోజుల్లో, ఎదురింటావిడ స్టాపులో ఆమె నంబరు అడగడం చూసి కోడలి చెవిన వేసింది.

"బస్సు నంబర్లు కూడా ఆనకపోతే ఒక్కమాట చెప్పొద్దా అత్తయ్యా? రోడ్డు దాటేటప్పుడు ఏమైనా అయితే? రేపే కంటాసుపత్రికి పోదాం."

"ఇప్పుడెందుకే, చలికాలం పోనీ."

"కళ్ళకీ చలికీ సంబంధమేంటి?"

నిజం చెబితే, ఆ చీకటి స్టాపులో మీకేం పని అని గుమ్మం దాటనివ్వరు. అమ్మాయి మళ్ళీ ఒంటరిదవుతుంది. మర్నాడు బామ్మ కోడలి వెంట బయల్దేరింది.

ఆసుపత్రిలో ముందు ఏదో యంత్రంలోకి చూడమన్నారు. చూసింది. తర్వాత చీకటిగదిలోకి పంపారు. మాస్కు కట్టుకున్న ఒకావిడ మాటా పలుకూ లేకుండా, పుల్లతో గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటే చూపించింది.

బామ్మ 'క'ని 'త' అంది. 'మ'ని 'య' అంది. అడుగు వరసంతా చీమలు పాకినట్టుందంది. సరిగ్గా అచ్చయినదాన్ని తప్పు చదవడం ఆమెకి ప్రాణం మీదికొచ్చింది.

కోడలి మొహం పాలిపోయింది. "ఆపరేషనేమైనా చెయ్యాలా అండీ?"

నలభై ఏడో నంబరు బస్సు అమ్మాయి మాస్కు కిందికి లాగి, "అక్కర్లేదండీ, నిక్షేపంలాంటి కళ్ళు, ఒక్క బస్సు నంబర్లే ఆనవని మొదటిరోజే కనిపెట్టాను, రోజూ ఏడింటికి పంపించండి, నేను చదివిపెడతాను" అంది.